విడి ఉప్పు ధర

కడెం వాగుకు ఎగువన, ఆదిలాబాద్ అడవి అంచున ఒక ఊరు. జొన్న పండేది, పెసర పండేది. ఇప్పపువ్వు రాలేది, తేనె దొరికేది. ఉప్పు మాత్రం ఆ నేలలో పుట్టదు. వానలు వెలిసినంక ఒకసారి, ఎండలు ముదిరే ముందు ఇంకోసారి లంబాడాల బిడారు ఎడ్ల మీద ఉప్పు మోసుకొని సముద్రం దిక్కు నుంచి వచ్చేది. ఎడ్ల మెడల గంటలు వాగవతల వినబడగానే ఆడవాళ్లు జొన్నల తట్టలు నెత్తికెత్తుకునేవాళ్లు. తవ్వెడు జొన్నలకు తవ్వెడు ఉప్పు. కరువొస్తే రెండు తవ్వలకు ఒకటి. ఆ ఊళ్లో పదేండ్ల పిల్లను లేపి అడిగినా ఉప్పు ధర చెప్పేది.

ఒక దసరాకు ఆ ఊళ్లో ఒక సావుకారి దిగాడు. మాట మెత్తన, లెక్క కచ్చితం. రచ్చబండ పక్కన కొట్టు పెట్టి, మొదటిరోజే డప్పు చాటింపు వేయించాడు. "ఉగాది దాంక ఉప్పుకు పైస తీసుకోను. ఎవలకెంత గావాలెనో తీస్కపోండ్రి."

ఊరు మొదట నమ్మలేదు. తర్వాత తీసుకెళ్లి చూసింది. తెల్లటి ఉప్పు. మట్టి లేదు, తడి లేదు, తూకంలో మోసం లేదు. నెల తిరక్కముందే బిడారు వచ్చింది. తట్ట ఎత్తుకొని వాగు దాటినవాళ్లు ముగ్గురో నలుగురో. ఎండలకు ముందు వచ్చినప్పుడు ఒక్కరూ పోలేదు. ఉగాది దాటాక సావుకారి ఉప్పుకు నెలకు అణా పెట్టాడు. అణా ఎవరికీ బరువనిపించలేదు. మూడో ఏడు బిడారు ఆ దారినే రాలేదు. ఎడ్లు నడిచిన బాట మీద తంగేడు, తుమ్మ మొలిచాయి.

ఆ ఏడాదే ఊళ్లో ఎలుకలు ఎక్కువయ్యాయి. సావుకారి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. "మీ గుమ్ములు పాతవడ్డయి. నా కొట్టు ఎనుక పెద్ద గరిసె కట్టిపిచ్చిన. కింద రాతి పలకలు, ఎలుక దూరది. మీ ఇత్తనాలు తెచ్చి పోయండ్రి. దానికి నాకు పైస గూడ అద్దు."

విత్తనం దాచడమంటే ఆ ఊళ్లో ఆడవాళ్ల పని. వెదురు బద్దలతో అల్లిన గుమ్మికి లోపలా బయటా పేడమట్టి మెత్తి, ఎండబెట్టి, అడుగున వేపాకు పరిచి, గింజల్లో బూడిద కలిపి పోసి, మూత మీద మళ్లీ మట్టి మెత్తాలి. ఏటా రెండు దినాలు నడుం వంచితే గాని అయ్యే పని కాదు. అది తప్పినందుకు వాళ్లు సంతోషించారు. ఆ సంతోషంలో తప్పేమీ లేదు. ఖాళీ గుమ్ములు కొన్నాళ్లు కోళ్ల గూళ్లయ్యాయి, తర్వాత పొయ్యిలోకి పోయాయి.

తర్వాతి దీపావళికి గంప వచ్చింది. అందులో ఉప్పు, బెల్లం, పసుపు, పొగాకు, కుంకుడుకాయలు, దీపానికి నూనె. నెలకు నాలుగణాలు. విడివిడిగా కొంటే ఎనిమిదణాల పైమాటే. పటేలు ఇంట్లో ఇరవై మంది ఉంటారు. వాళ్లింట్లో నెల తిరిగేసరికి గంప అడుగున పసుపు పొడి కూడా మిగిలేది కాదు. "మా ఇంటికైతే దేవుని లెక్క వచ్చినవు సావుకారీ" అన్నాడు పటేలు. ఆ మాట మనసులోంచే వచ్చింది.

ఊరి చివర ఒక అవ్వ, ఆమె మనుమడు ఉండేవాళ్లు. అవ్వ పొగాకు ముట్టదు. బెల్లం పండుగకు తప్ప కొనదు. పసుపు పెరట్లోనే పండుతుంది. తలకు రేగడి మట్టి రుద్దుకుంటుంది. పొద్దుగూకేసరికి తిని పడుకునే ఇంట్లో దీపానికి నూనె ఎంత కావాలి?

"సావుకారీ, నాకు ఉప్పు ఒక్కటి చాలు బిడ్డా."

"తీస్కో అవ్వా. ఉప్పు ఒక్కటే అయితే మూడణాలు, గంప నాలుగణాలు. ఒక్క అణా ఎక్కువ పెడితే అయిదు సామాన్లు వస్తున్నయి. నీ ఇష్టం."

"మొన్నటిదాంక ఉప్పు అణానే గద?"

"గప్పుడు గంప లేకుండె గదనే అవ్వా."

అవ్వ వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. ఎటు లెక్క పెట్టినా గంపే నయమని తేలింది. గంప ఎత్తుకొని ఇంటికి నడిచింది. పొగాకు అటక మీద పురుగు పట్టింది. కుంకుడుకాయలు మనుమడి గోలీలాటకు పనికొచ్చాయి.

మరో రెండేళ్లకు గంపలో అద్దం ఒకటి, అత్తరు బుడ్డి ఒకటి వచ్చి చేరాయి. గంప ఆరణాలైంది. "అద్దం నేనడిగిన్నా?" అంది అవ్వ. "అడగకున్నా ఇచ్చిన గదా" అన్నాడు సావుకారి. అతను నిజంగానే మేలు చేశాననుకున్నాడు. ఇంకో ఏడు పంచాంగం చేరింది. ఎనిమిదణాలు. నాలుగణాల పాత గంప కావాలన్నవాళ్లకు అది ఇప్పుడు లేదన్నారు.

ఒక ఏడు వాన పడలేదు. ఎనిమిదణాలు కాదు గదా, అణా పుట్టడమే కష్టమైంది. అవ్వ కొట్టుకు పోయి గంప మానేస్తానంది. గుమాస్తా ఆమెను కూర్చోబెట్టి ఎందుకు మానేస్తున్నావని అడిగాడు. చెప్పింది. పొద్దుగూకినంక రమ్మన్నాడు. వచ్చింది. పటేలును వెంటబెట్టుకొని రమ్మన్నాడు. వచ్చింది. అత్తరు బుడ్డి పోతుంది, అద్దం ఇక రాదు, మళ్లీ ఆలోచించుకో అన్నాడు. ఆలోచించుకునే వచ్చానంది. వేలిముద్ర పద్దు అమాస నాడే తెరుస్తామన్నాడు. అమాస నాడు తెల్లారకముందే వచ్చి అరుగు మీద కూర్చుంది.

ఇక కదలదని తెలిశాక గుమాస్తా లోపలికి పోయి చిన్న దొప్పలో ఉప్పు తెచ్చి ముందు పెట్టాడు. "ఉప్పు ఒక్కటే. అణాన్నర."

"ఇది ఎప్పటిసంది ఉన్నది?"

"ఎప్పుడూ ఉన్నదే."

"మరి ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే?"

"పోతనన్నోళ్లకే చెప్తం అవ్వా."

అవ్వ ఉప్పు తీసుకుంది. తన విత్తనాలు తనకు ఇమ్మంది. గంప మానేసినవాళ్లు ఎనిమిది దినాల్లో గింజలు తీసుకుపోవాలని, లేకుంటే వాళ్ల అర ఇంకొకరికి పోతుందని గుమాస్తా చెప్పాడు. గరిసెలో ఆమెది తెల్లజొన్న. అత్తగారి చేతి నుంచి ఆమె చేతికి వచ్చిన విత్తనం. గింజ పోలేదు, పుచ్చలేదు. కాని ఇంటికి తెచ్చి దేంట్లో పోయాలి? ఇంట్లో గుమ్మి లేదు. అడుగుదామంటే ఊళ్లోనే లేదు. మనుమడు గుమ్మిని చూసి కూడా ఎరగడు.

అవ్వ వాణ్ని తీసుకొని అడవికి పోయింది. ముదురు వెదురు వద్దు విరుగుతుంది, లేత వెదురు వద్దు కుంగుతుంది, నడిమి ఈడుది చూసి కొట్టమంది. బద్దలు చీల్చడం చూపింది. నిలువు బద్దలు బేసిగా నిలబెట్టాలని, అడ్డం బద్ద ఒకటి మీదుగా ఒకటి కిందుగా పోవాలని వాడి వేళ్లు పట్టుకొని చూపింది. వాడి వేళ్లు కోసుకుపోయాయి. పసుపు పెట్టి మళ్లీ కూర్చోబెట్టింది. ఎనిమిదో నాడు ఇద్దరూ తెల్లజొన్న ఇంటికి చేర్చారు.

మరునాడు అవ్వ రచ్చబండ ఎక్కింది. "ఒక్క మాట అడుగుత. ఉప్పు ధర ఎంత?"

ఎవరూ మాట్లాడలేదు. గంప ధర అందరికీ తెలుసు. ఉప్పు ధర ఎవరికీ తెలియదు.

పటేలు లేచాడు. "అవ్వా, నువ్వు తప్పువడ్తున్నవ్. మా ఇంటికి గంప ఇప్పటికీ లాభమే."

"లాభమే పటేలా. తీస్కో. నేను గంప అద్దంటలేను. ఉప్పు ఇడిగ అమ్మాలె. ధర గోడ మీద రాయాలె, పోతనన్నోళ్లకే కాదు, వచ్చినోళ్లందరికీ కనవడాలె. మన గింజలు మనం అడిగిననాడు ఇయ్యాలె, ఇంట్ల పోసుకునేందుకు యాల్ల ఇయ్యాలె."

పటేలు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సావుకారి వైపు తిరిగాడు. "నేను గంప మానేస్తే నాకు గూడ ఎనిమిది దినాలేనా?"

"పద్దు అందరికీ ఒక్కటే పటేలా."

పటేలు గింజలు ఆ గరిసెలో నలభై బస్తాలున్నాయి. ఇంట్లో ఒక్క గుమ్మి లేదు. లాభమనుకున్న గంపను తాను ఇన్నేళ్లుగా ఇష్టపడే తీసుకుంటున్నాడా, మానలేక తీసుకుంటున్నాడా అన్నది ఆ క్షణం దాకా ఆయనకు ఆలోచనకే రాలేదు. ఆయన పోయి అవ్వ పక్కన నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరు ఊరంతా అటే నడిచింది.

సావుకారి చెడ్డవాడు కాదు. ఆ రాత్రి లెక్కలు చూసుకున్నాడు. తెల్లారి కొట్టు గోడకు సున్నం కొట్టించి, జాజుతో ఒక్కో సామానుకు ఒక్కో ధర రాయించాడు. గంప ధర పక్కనే రాయించాడు. గింజలకు ఒక పంటకాలం గడువు ఇచ్చాడు. పటేలు ఇంటికి గంప పోతూనే ఉంది. అవ్వ ఇంటికి దొప్పెడు ఉప్పు పోతోంది. ఆ ఎండాకాలం నలుగురు పోరగాళ్లు గొడ్డళ్లు పట్టుకొని వాగు దిక్కు పాత ఎడ్లబాట మీద తుమ్మలు కొట్టారు.

*

ఈ కథకు నీతి అవ్వ అడిగిన మూడు మాటలే. విడిగా అమ్మాలి. విడి ధర కనబడాలి. దాచుకున్నది అడిగిననాడు చేతికి రావాలి. ఈ మూడూ ఉన్నచోట గంప మేలు చేస్తుంది. వీటిలో ఏది లేకపోయినా, తూకం ఎంత నికార్సయినదైనా, ఇష్టపడి తీసుకునేవాడికీ మానలేక తీసుకునేవాడికీ తేడా పోతుంది.

ఇవాళ ఆ గంప మన ఫోన్లలో ఉంది. పాటలు, సినిమాలు, ఆటలు, ఫొటోలు దాచుకునే జాగా, కొత్తగా కృత్రిమ మేధ, అన్నీ కలిపి నెలకు ఇంత అని కంపెనీలు కట్టి ఇస్తున్నాయి. 2020 చివర్లో యాపిల్ కంపెనీ యాపిల్ వన్ అనే కట్ట తెచ్చింది. మన దేశంలో అప్పటి ధర నెలకు 195 రూపాయలు. అందులోవి విడిగా తీసుకుంటే పాటలకు 99, సినిమాలకు 99, ఆటలకు 99, ఫొటోలూ ఫైళ్లూ దాచుకునే 50 జీబీ జాగాకు 75, మొత్తం 372. నాలుగూ వాడే ఇంటికి అది మంచి బేరం. జాగా ఒక్కటి చాలనుకున్నవాళ్లు మాత్రం 75 దగ్గర ఆగాలి, 195 దాకా పోనక్కర్లేదు. ఇక్కడ విడి ధరలు కనబడ్డాయి కాబట్టే ఈ లెక్క వేయగలుగుతున్నాం.

కంపెనీలకు కట్ట కట్టడం ఎందుకంత ఇష్టమో కూడా తెలుసుకోవాలి. ఒకరికి పాటలంటే ప్రాణం, నెలకు 100 పెడతారు, సినిమాలకు 40 మించి పెట్టరు. ఇంకొకరిది సరిగ్గా తలకిందులు. రెండూ విడిగా ఒక్కోటి 100కు అమ్మితే ఇద్దరి దగ్గరా కలిపి వచ్చేది 200. కట్ట కట్టి 140కి అమ్మితే ఇద్దరూ కొంటారు, 280 వస్తుంది. సావుకారి గంపలో అద్దం పెడితే ఆ అద్దం అతను కొనితేవాలి. డిజిటల్ గంపలో ఒకసారి పెట్టిన సినిమాను ఇంకో లక్షమంది చూసినా కంపెనీకి పైన పడే ఖర్చు నామమాత్రం. అందుకే ఈ గంప అంత తొందరగా నిండుతుంది. నిండింది చూపించే ధర పెంచుతారు.

ఉచిత ఉప్పును కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం బాగా ఎరుగును. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. మరుసటి నెల 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ప్రధానంగా ఎనిమిది జిల్లాలుగా విడిపోయాయి. కొత్త కలెక్టరేట్లకు బోర్డులు కడుతున్న రోజుల్లోనే ఊరూరా ఉచిత సిమ్ కోసం ఆధార్ కార్డు పట్టుకొని నిలబడ్డారు. 2017 మార్చి దాకా డేటాకు పైసా లేదు. దాంతో డేటా ధర దేశమంతటా పడిపోయింది. బీడీలు చుట్టే ఇంట్లోకి కూడా ఇంటర్నెట్ వచ్చింది. అది నిజమైన మేలు, కాదనకూడదు. అమెజాన్ ప్రైమ్ 2016 జులైలో ఏడాదికి 499 రూపాయలతో మొదలైంది. 2017లో 999, 2021 డిసెంబరులో 1,499. 2025 జూన్ నుంచి అందులోని సినిమాల మధ్య ప్రకటనలు పెట్టారు. ప్రకటనలు వద్దంటే ఏడాదికి ఇంకో 699.

2025లో ఉచితం మళ్లీ వచ్చింది, ఈసారి కృత్రిమ మేధ రూపంలో. జులైలో ఎయిర్‌టెల్ తన వాడకందార్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఒక ఏడాది ఉచితమంది, విలువ 17,000 రూపాయలని చెప్పింది. అక్టోబరు చివర్లో జియో, గూగుల్ కలిసి అపరిమిత 5జీ ప్లాన్ ఉన్నవాళ్లకు జెమినై ప్రో 18 నెలలు ఉచితమన్నాయి, విలువ 35,100 అని చెప్పాయి. హుజూరాబాద్‌లో డిగ్రీ చదివే అమ్మాయి దాన్ని వాడుకోవాలి, తప్పకుండా వాడుకోవాలి. కానీ ఆ 35,100 రూపాయలు కంపెనీ రాసిన అంకె. ఆ అమ్మాయి ఇంట్లో ఆ ధర పెట్టి ఎవరూ కొనరు. పందొమ్మిదో నెలలో ఎంత అడుగుతారన్నదే ఆమెకు కావలసిన అంకె. అది మొదటి నెలలోనే పెద్ద అక్షరాల్లో చూపించాలి.

విడి ధర రాసినంత మాత్రాన సరిపోదని టీవీ చానళ్ల విషయంలో చూశాం. 2019 ఫిబ్రవరి నుంచి ఏ చానల్‌కు ఆ చానల్ ధర చెప్పాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నిబంధన అమలైంది. అప్పట్లో వంద చానళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153. మీద కావలసినవి ఎంచుకోవచ్చు. చెప్పుకోవడానికి బాగుంది. ఆచరణలో కట్ట మీద 70 శాతం దాకా తగ్గింపు ఇచ్చి, విడి చానల్ ధర ఎక్కువగా ఉంచారని ట్రాయే తర్వాత గమనించింది. అందుకే 2020 జనవరిలో ఆ నిబంధనలను సవరించింది. ఉప్పు మూడణాలు, గంప నాలుగణాలు అన్న ఎత్తు ఇదే.

ఫోన్ రీచార్జిలోనూ ఇదే కథ నడిచింది. మాట్లాడుకోవడానికి తప్ప ఇంకెందుకూ ఫోన్ వాడని ముసలివాళ్లు ఊరూరా ఉన్నారు. ఏళ్ల తరబడి వాళ్లు తాము వాడని డేటాకు డబ్బు కట్టారు, ఎందుకంటే విడిగా అమ్మేవాళ్లు లేరు. 2024 డిసెంబరులో ట్రాయ్ కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే రీచార్జి ఒక్కటైనా ప్రతి కంపెనీ పెట్టాలని నిబంధన తెచ్చింది. పెద్దవయసువాళ్లను, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకొనే తెచ్చామంది. తర్వాతి నెలలో జియో 84 రోజులకు 448 రూపాయలతో, ఎయిర్‌టెల్ అదే గడువుకు 469తో అలాంటివి పెట్టాయి. నిబంధన నెరవేరింది. కానీ పింఛను చేతికొచ్చిన రోజు నెలకు సరిపడా రీచార్జి చేసుకునే ముసలావిడకు ఒక్కసారే నాలుగు వందల పైచిలుకు తీయడం చిన్న మాట కాదు. ఇరవై ఎనిమిది రోజుల విడి రీచార్జి కూడా తప్పనిసరి చేయాలి. యూరియా బస్తాకు లింకు పెట్టి ఇంకో సీసా అంటగడితే జమ్మికుంటలోనూ ఇచ్చోడలోనూ రైతులు కొట్టు ముందే నిలదీస్తారు, వ్యవసాయాధికారులూ లింకు అమ్మకం కుదరదంటారు. ఫోన్‌లో కట్టే లింకును కూడా అదే గొంతుతో అడగాలి.

గుమాస్తా చాటున దాచిన దొప్ప విషయానికి వస్తే, అది ఆస్ట్రేలియాలో ఒక కేసు దాకా పోయింది. మైక్రోసాఫ్ట్ తన ఆఫీసు చందాలోకి కోపైలట్ అనే కృత్రిమ మేధను చేర్చి, ఒకరు వాడే చందాను ఏడాదికి 109 ఆస్ట్రేలియా డాలర్ల నుంచి 159కి పెంచింది. కొత్త ధర కట్టండి, లేదా మానేయండి అన్నట్టుగా వాడకందార్లకు మెయిళ్లు పోయాయి. కోపైలట్ లేని పాత చందా పాత ధరకే ఇంకా ఉందని, అది చందా రద్దు చేసుకునే దారిలో కొంతదూరం పోయినవాళ్లకే కనబడుతుందని అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్ ఆరోపిస్తూ 2025 అక్టోబరులో కోర్టుకెక్కింది. దాదాపు 27 లక్షల మంది వాడకందార్ల ముచ్చట అది. మైక్రోసాఫ్ట్ తర్వాత క్షమాపణ చెప్పి, పాత చందాకు మారేవాళ్లకు డబ్బు తిరిగి ఇస్తామంది.

అమెరికాలో ప్రైమ్ చందా మానే దారి ఎంత చుట్టుతిరుగుడుగా ఉండేదంటే, దానికి అమెజాన్ లోపలివాళ్లు పెట్టుకున్న పేరు ఇలియడ్. ఏళ్లకేళ్లు సాగిన ట్రాయ్ నగరపు యుద్ధం మీది గ్రీకు మహాకావ్యం పేరు అది. దీని మీద పడిన కేసులో తప్పు ఒప్పుకోకుండానే ఆ కంపెనీ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అందులో 150 కోట్లు వాడకందార్లకు తిరిగి ఇవ్వడానికే. మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మోసపు పోకడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చందా ఉచ్చు వాటిలో ఒకటి. అడగని వస్తువును బుట్టలో కలపడం ఇంకొకటి. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు. కార్డు నుంచి నెలనెలా దానంతట అదే కట్ అయ్యే డబ్బుకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అమల్లో ఉంది. ఆ మెసేజ్‌ను చదవకుండా చెరపకండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట ఏ కంపెనీకి ఎంత అనుమతి ఇచ్చారో వరుసగా ఉంటుంది. అక్కడే ఆపేయవచ్చు.

అన్నిటికంటే నా మనసును పట్టేది గరిసె. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు పల్లెల్లో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. ఆ ఇండ్లలో ఫోన్ అంటే వట్టి ఫోన్ కాదు. బిడ్డ మొదటి అడుగు తండ్రి చూసింది అందులోనే. బతుకమ్మ నాడు చెల్లె కట్టుకున్న చీర, బాపు దినాలు, కొత్తింటి స్లాబు, దుబాయి క్యాంపులో ఆయన వండుకుంటున్న అన్నం, వీసా కాగితం, పాస్‌పోర్టు కాపీ, అన్నీ అక్కడే. 2021 జూన్ 1 దాకా గూగుల్ ఫొటోస్‌లో మామూలు నాణ్యతతో ఎన్ని దాచుకున్నా లెక్క లేదు. ఆ రోజు నుంచి కొత్తగా ఎక్కించేవన్నీ 15 జీబీ ఉచిత జాగా లెక్కలోకి వస్తున్నాయి. మెయిళ్లు, ఫైళ్లు కూడా అందులోనే. అది నిండితే మెయిల్ రావడం కూడా ఆగుతుంది. పరిమితి దాటి రెండేళ్లు అలాగే ఉంటే అందులోవి తీసేసే అవకాశం ఉందని కంపెనీ నియమమే చెబుతోంది. అప్పుడు ఆ ఇల్లాలు నెలకు 130 కట్టే వంద జీబీ చందాకు ఒప్పుకుంటుంది. నేనైనా ఒప్పుకుంటాను. కానీ బిడ్డ ఫొటోలు పోతాయన్న భయంతో ఒప్పుకోవడం బేరం కాదు.

ఆ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలకు నేను చెప్పేది ఒకటుంది. గూగుల్ టేకౌట్ అని ఉంటుంది. దాంతో ఖాతాలో దాచినవన్నీ దించుకోవచ్చు. కరీంనగర్‌లో దొరికే మామూలు హార్డ్‌డిస్కు ఒకటి కొని, ఏడాదికొకసారి, దసరాకో సంక్రాంతికో, అమ్మ పక్కన కూర్చొని ఆ పని చేయండి. ఎలా చేస్తున్నారో అమ్మకు చూపించండి. తర్వాత చందా ఉంచుకోవాలో మానాలో ఆమె తీరిగ్గా ఆలోచించుకుంటుంది.

ఇక ప్రభుత్వం చేయవలసింది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల వెంట వేసిన తీగతో ఇంటింటికీ నెట్ ఇచ్చే టీ-ఫైబర్ 2024 డిసెంబరులో కొన్ని ఊళ్లలో ప్రయోగంగా మొదలైంది. వాటిలో ఒకటి పాత కరీంనగర్ జిల్లాలోని, ఇప్పటి పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్. నెట్, టీవీ, ఫోన్ అన్నీ ఒకే తీగ మీద. ఆంధ్రలో ఫైబర్‌నెట్ 2017లోనే ఈ మూడూ కలిపి నెలకు 149 రూపాయలకు ఇస్తామని మొదలైంది. సర్కారు గంపలో కూడా మేలుంటుంది, కావలసిందే. అయితే ఉట్నూరు, జైనూరు, తిర్యాణి మండలాల గూడేలకు ఆ తీగ చేరేలోపే దరఖాస్తు ఫారం మీద నెట్‌కు ఎంత, టీవీకి ఎంత, ఫోన్‌కు ఎంత, మూడింటికీ కలిపి ఎంత అన్న నాలుగు అంకెలూ తెలుగులో, గోండీ మాట్లాడే చోట చదివి వినిపించే ఏర్పాటుతో ఉండాలి. మానేయడానికి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఒక్క సంతకం చాలాలి. ఇంకా చాలా ఊళ్లకు తీగ పోవలసి ఉంది. ఈ షరతులు రాయవలసింది అది పోకముందే.